వంటింటి సందేహాలు: రొయ్యల బాయిల్‌లో ఏది ముందు, ఏది చివర?

ప్రశ్న: మేము జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఉంటున్నాము. ఇక్కడి ఇరుగుపొరుగువారు ఆరుబయట పెద్ద గిన్నెలో రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, సాసేజ్ కలిపి ఉడికించి బల్ల మీద కుమ్మరించుకుని తింటారు. గత నెలలో ఆరుగురి కోసం నేనూ ఇంట్లో ప్రయత్నించాను. అన్నీ ఒకేసారి మరిగే నీటిలో వేసి 20 నిమిషాలు ఉంచాను. రొయ్యలు రబ్బరులా సాగాయి, వాటి పొట్టు ఊడి రాలేదు, పెద్ద దుంపల నడిమి భాగమేమో పచ్చిగానే ఉండిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: అన్నీ ఒకేసారి వేయడమే పొరపాటు. ఒకే గిన్నెలో ఉడికే వంట కాబట్టి అన్నీ కలిపి వేసేయవచ్చునని అనిపించడం సహజమే కాని, ఈ వంటలో ఉన్న పనితనమంతా ఏ పదార్థం ఎప్పుడు నీటిలోకి దిగాలి అన్న లెక్కలోనే ఉంది. దుంపకు పావుగంట కావాలి, రొయ్యకు మూడు నిమిషాలు చాలు.

ఆరుగురికి 3 పౌన్ల (సుమారు 1.4 కిలోల) పొట్టుతో ఉన్న రొయ్యలు, 2 పౌన్ల చిన్న ఎర్ర బంగాళాదుంపలు, ఒకటిన్నర పౌను పొగబెట్టిన సాసేజ్, 6 మొక్కజొన్న పొత్తులు సరిపోతాయి. లూయిజియానా వారు ఆండూయీ సాసేజ్ వాడతారు. అది కారంగా ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో కీల్‌బాసా అనే పోలిష్ సాసేజ్ మేలు. గిన్నె కనీసం 15 లీటర్లు పట్టేదై ఉండాలి. అంత పెద్దది లేకపోతే రెండు వాయిలుగా వండుకోండి తప్ప చిన్న గిన్నెలో కుక్కకండి.

ఆరు లీటర్ల నీటిలో బాయిల్ మసాలా, ఉప్పు (వీటి సంగతి తర్వాతి జవాబులో ఉంది), రెండుగా కోసిన రెండు ఉల్లిపాయలు, అడ్డంగా కోసిన రెండు వెల్లుల్లి గడ్డలు, రెండు నిమ్మకాయల రసం, పిండిన చెక్కలతో సహా వేసి పది నిమిషాలు తెర్లనివ్వండి. తర్వాత దుంపలు వేయండి. రెండంగుళాలకు మించినవైతే రెండు ముక్కలు చేయాలి. పది నిమిషాలకు చాకు మొన కాస్త బలంగా నొక్కితే దిగే స్థితికి వస్తాయి. అప్పుడు సాసేజ్ ముక్కలు, సగానికి విరిచిన మొక్కజొన్న పొత్తులు వేసి మరో ఐదారు నిమిషాలు ఉడికించండి. ఇక్కడ ఆగి, ఒక దుంపను బయటకు తీసి కొరికి చూడండి. అది పూర్తిగా ఉడికిన తర్వాతే రొయ్యల మాట. రొయ్యలు వేశాక దుంపల కోసం ఎదురుచూడవలసి వస్తే రొయ్యల మీద ఆశ వదులుకోవలసిందే.

రొయ్యలు వేయగానే నీటి వేడి తగ్గి తెర్లడం ఆగిపోతుంది. మళ్ళీ తెర్లేదాకా ఉంచాలని చాలామంది అనుకుంటారు. అక్కడే రొయ్య గట్టిపడుతుంది. రెండు మూడు నిమిషాలలో బూడిదరంగు పోయి గులాబీరంగు వస్తుంది, లోపలి కండ గాజులా మెరవడం మాని ముత్యంలా తెల్లబడుతుంది. రొయ్యలో ఆస్టాజాంతిన్ అనే ఎర్రని వర్ణద్రవ్యం పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్‌తో ముడిపడి మరుగున ఉంటుంది; వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే అసలు రంగు బయటపడుతుంది. అయితే రంగు ముందే పైకి కనిపిస్తుంది కాబట్టి ఒకదాన్ని ఒలిచి కండ చూడడమే నమ్మకమైన పద్ధతి. వదులైన కొక్కెంలా వంగితే సరిగ్గా ఉడికినట్టు. తల, తోక కలిసేలా సున్నా చుట్టుకుంటే సమయం మించినట్టు. మించి ఉడికిన రొయ్యకు పొట్టు కూడా అతుక్కుపోతుంది. మీకు జరిగింది అదే. వెంటనే నీరు వార్చేయండి, ఎందుకంటే మంట ఆర్పినా వేడినీటిలో రొయ్య ఉడుకుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు మరొక్క విషయం. గడ్డకట్టించిన రొయ్యల సంచి మీద సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని కనిపిస్తే వదిలేయండి; అది నీటిని పట్టి ఉంచి తూకం పెంచుతుంది, ఉడికాక కండ జిగటగా తోస్తుంది. రొయ్యలు, ఉప్పు తప్ప మరేమీ లేనివి ఎంచుకుని, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. వీపు వెంట పొట్టును కత్తెరతో చీల్చి నల్లని నరం తీసేయండి. పొట్టు మాత్రం ఒలవకండి, రుచిని కాపాడేది అదే.

ప్రశ్న: మసాలా డబ్బాలో సగం పోసినా రొయ్యలు చప్పగానే ఉన్నాయి. ఈ వంట కోసం దుకాణాల్లో అమ్మే మసాలాలలో ఓల్డ్ బే మంచిదా, జాటరెయిన్స్ మంచిదా?

జవాబు: రెండూ మంచివే కాని, రెండూ ఒకటి కావు. ఓల్డ్ బే మేరీలాండ్‌లోని బాల్టిమోర్‌లో పుట్టింది. జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన గుస్టావ్ బ్రున్ దాన్ని పీతల కోసం తయారుచేశారు. అందులో సెలెరీ ఉప్పుది పైచేయి. జాటరెయిన్స్ 1889లో న్యూ ఆర్లియన్స్‌లో మొదలైన సంస్థ; వారి చిన్న సంచిలో ఆవాలు, ధనియాలు, ఎండుమిరప, బే ఆకు వంటివి ఉంటాయి, ఉప్పు ఉండదు. సంచి వాడేవారు ఉప్పు విడిగా వేయకపోతే చప్పదనం తప్పదు. ఆరు లీటర్లకు అర కప్పు ఓల్డ్ బే వేసి, నీటిని రుచి చూస్తూ ఉప్పు కలపండి. తాగే సూప్ కంటే నీరు స్పష్టంగా ఉప్పగా ఉండాలి. పొట్టు దాటి లోపలికి వెళ్ళేది అందులో కొంతే.

లూయిజియానాలో మరో పద్ధతి ఉంది. రొయ్యల కండ తెల్లబడగానే మంట ఆర్పి, గిన్నెలో మంచుగడ్డలు వేసి నీటిని చల్లార్చి, పావుగంట నాననిస్తారు. ఉడకడం ఆగిపోయి నానడం మిగులుతుంది కాబట్టి రొయ్య మెత్తగానే ఉండి కారం పట్టుకుంటుంది. కారం ఇష్టపడేవారికి నా ఓటు దీనికే. కరిగించిన వెన్నలో చిటికెడు మసాలా కలిపి వార్చిన రాశి మీద పోస్తే ఇంకా బాగుంటుంది. వార్తాపత్రిక పరచడం వారి ఆనవాయితీయే కాని, సిరా అంటకుండా దానిమీద గోధుమరంగు కాగితం పరచుకోవడం నాకు నచ్చుతుంది.

ప్రశ్న: దక్షిణ కరోలినాలో దీనినే ఫ్రాగ్‌మోర్ స్ట్యూ అంటారట. ఇందులో కప్పలు ఉంటాయా?

జవాబు: కప్పలూ ఉండవు, స్ట్యూలో ఉండే పులుసూ ఉండదు. బ్యూఫర్ట్ దగ్గరి సెయింట్ హెలీనా దీవిలో ఫ్రాగ్‌మోర్ అనే చోటు ఉంది, పేరు అక్కడిది. 1960లలో రిచర్డ్ గే అనే స్థానికుడు నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైనిక దళంలోని తన సహచరుల కోసం దీన్ని వండగా ఆ పేరు స్థిరపడిందని చెబుతారు. ఆ దీవి, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా ప్రజలకు నెలవు. సముద్రపు పంటను ఒకే గిన్నెలో వండడం ఆ తీరంలో అంతకు ముందు నుంచే ఉన్నది. ఆ తీరపు పల్లపు ప్రాంతాన్ని లోకంట్రీ అంటారు; లోకంట్రీ బాయిల్ అన్నా ఇదే వంట.

ప్రశ్న: మా అతిథులలో ఒకరికి రొయ్యలు పడవు. ఆమెకు మొక్కజొన్న, దుంపలు మాత్రం వడ్డిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అలర్జీకి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి నశించదు, పైగా నీటిలోకి దిగుతుంది. ఆ నీటిలో ఉడికిన దుంప కూడా ఆమెకు రొయ్యతో సమానమే. రొయ్యల పొట్లం విప్పకముందే వేరే గిన్నెలో, వేరే గరిటెతో ఆమె భోజనం వండి మూత పెట్టండి. ఉడికే రొయ్యల ఆవిరి కూడా కొందరికి ప్రమాదకరం కాబట్టి, ఆ రోజు పొయ్యి ఆరుబయట పెట్టగలిగితే పెట్టండి, ఆమెను పొయ్యి దగ్గరకు రానివ్వకండి. ఆరుబయట వాడే ప్రొపేన్ పొయ్యిని వానొచ్చినా గ్యారేజీలోకి మాత్రం తేవద్దు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆమె తీవ్రత ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. తీవ్రమైనదని చెబితే, ఆ రోజుకు రొయ్యలు మానేసి సాసేజ్, మొక్కజొన్న, దుంపలతోనే బాయిల్ చేయండి. మసాలా నీటిలో ఉడికినవి అవి కూడా చాలా బాగుంటాయి.