పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రెజ్లింగ్ మ్యాచ్‌లు ఇప్పుడు చూస్తే చప్పగా ఉంటున్నాయి. వాటికి రేటింగ్ ఎలా ఇవ్వాలి?

చిన్నప్పుడు కళ్ళార్పకుండా చూసిన మ్యాచ్‌లు ఇప్పుడు పెట్టుకుంటే నత్తనడక నడుస్తున్నాయని, వీటికి నాలుగున్నర, ఐదు స్టార్లు ఎలా పడ్డాయో అంతుబట్టడం లేదని, అప్పటి కొలతతో చూడాలా ఇప్పటి కొలతతోనా అని అడిగారు. నేను కొన్నేళ్ళుగా 1980లు, 90ల నాటి మ్యాచ్‌లను తేదీల వరసన చూస్తూ ఓ నోటుబుక్కులో మార్కులేసుకుంటున్నాను. పదిమందిలో చెప్పుకునే అలవాటేం కాదుగానీ, ఈ ప్రశ్న మాత్రం నాకోసమే అడిగినట్టుంది.

జవాబు ముందే చెప్పేస్తాను. ఎన్ని మూవ్స్ (పట్లు, దూకుళ్ళు) వేశారో లెక్కపెట్టకండి. ఒక మూవ్‌కీ ఇంకో మూవ్‌కీ మధ్యలో ఏం జరుగుతోందో చూడండి. పాత మ్యాచ్‌ల్లో సరుకంతా అక్కడే ఉంటుంది. ఇప్పటివాళ్ళు ఐదు నిమిషాల్లో చేసే విన్యాసాలు అప్పటివాళ్ళు అరగంటలో కూడా చేయరు. అందుకే మూవ్స్ లెక్కన చూస్తే పాతవన్నీ ఫెయిలే.

ఈ స్టార్ల సంగతి కూడా కొంచెం తెలిసి ఉండాలి. జిమ్ కార్నెట్, నార్మ్ డూలీ అనే ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టిన ఈ పద్ధతిని డేవ్ మెల్ట్‌జర్ తన రెజ్లింగ్ అబ్జర్వర్ పత్రికలో వాడి నలుగురికీ అలవాటు చేశాడు. సున్నా నుంచి ఐదు దాకా, మరీ ఘోరమైతే మైనస్‌లోకి. తర్వాత్తర్వాత ఆయనే గేట్లెత్తేశాడు. 2017 జనవరిలో టోక్యోలో ఒకాడా, ఒమెగా అనే రెజ్లర్ల మ్యాచ్‌కి ఆరు ఇచ్చాడు, ఆ మరుసటేడు వాళ్ళకే ఏడిచ్చాడు. ఐదే ఆకాశం అనుకున్న రోజుల్లో ఐదు తెచ్చుకున్న మ్యాచ్‌ని ఇప్పుడు ఆరూ ఏడూ పక్కన నిలబెడితే పాపం అది రెండో తరగతి సరుకులా కనిపిస్తుంది. నేనైతే నా పుస్తకంలో ఐదు దాటను.

ఇక అసలు విషయానికి ఒక్క రాత్రి చాలు. 1987 మార్చి 29, మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియం, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా చేసే పెద్ద పండగ రెజిల్‌మేనియా 3. 93,173 మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది, అంత లేరు 78 వేలేనని మెల్ట్‌జర్ ఇప్పటికీ వాదిస్తాడు. ఎలా చూసినా జనసంద్రమే. ఆ రింగులోనే రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ పదిహేను నిమిషాల లోపు ఆడిన మ్యాచ్‌కి మెల్ట్‌జర్ నాలుగున్నర ఇచ్చాడు. అదే రాత్రి ఆఖర్న హల్క్ హోగన్, ఆండ్రే ద జెయింట్ ఆడినదానికి మైనస్ నాలుగు. మీరు తప్పు చదవలేదు, మైనస్ నాలుగే. మరి ఆ రాత్రి గురించి ఎవర్నడిగినా ముందు చెప్పేది ఏ మ్యాచ్? హోగన్ ఆండ్రేని ఎత్తి పడేసిందే కదా.

ఈ చిక్కు విడదీయడానికే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి పాత మ్యాచ్‌నీ ఒకసారి సౌండ్ తీసేసి చూస్తాను, ఇంకోసారి సౌండ్ పెట్టి. సౌండ్ లేకుండా హోగన్, ఆండ్రేల మ్యాచ్ చూడండి, మెల్ట్‌జర్ మీద కోపం పోతుంది. ఆండ్రే నడుము అప్పటికే పోయింది, ఆపరేషన్ కూడా అయింది, బనీను కింద బెల్టు కట్టుకుని దిగాడు. తాళ్ళ ఆసరా లేకుండా గట్టిగా నాలుగడుగులు వేయలేకపోతున్నాడు. హోగన్‌ని పొట్టకేసి అదిమి పట్టుకుని ఎంతసేపు నిలబడతాడో, ఆ ముక్క నిద్రపట్టనివాళ్ళకి పనికొస్తుంది.

ఇప్పుడు సౌండ్ పెట్టండి. మొదట్లోనే హోగన్ ఎత్తబోయి, ఎత్తలేక కింద పడతాడు, ఆండ్రే మీద పడతాడు, రిఫరీ మూడో లెక్క (భుజాలు నేలకి ఆనిస్తే మూడు లెక్కల్లో ఓటమే) కొట్టాడా లేదా అని జనం గొంతులో ఒక జీర వస్తుంది. అక్కణ్ణుంచి హోగన్ నడుము పట్టుకునే తిరుగుతాడు. అంటే ఆఖర్న ఎత్తబోయేటప్పుడు 'ఇందాక ఎత్తలేకపోయాడుగా' అన్న భయం జనంలో ఉండాలి, అది వాళ్ళలో నాటింది ఆ మొదటి నిమిషంలోనే. 520 పౌండ్లని చెప్పిన మనిషి, అంటే 235 కిలోల పైమాటే, గాల్లోకి లేచినప్పుడు వచ్చిన హోరు విన్నాక మైనస్ నాలుగు వేయడానికి చెయ్యి రాదు. ఆండ్రేని అంతకుముందు ఎవరూ ఎత్తలేదన్నది అబద్ధం. 1980లో షే స్టేడియంలో ఇదే హోగన్ ఎత్తాడు. కానీ ఆ రాత్రి జనం దాన్ని నమ్మారు, మ్యాచ్ ఆ నమ్మకం మీదే కట్టారు.

మన పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు రాయబారానికి వచ్చే ఘట్టం తీసుకోండి. కథ తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడూ ఉండడు, అయినా పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ అంటారు, నటుడు రాగం సాగదీస్తాడు, కౌరవసభ అంతా అలా ఆగిపోయి వింటుంది. ఆ నాటకాన్ని జనాన్ని తీసేసి అంచనా కట్టమంటే కట్టలేం. నా పుస్తకంలో హోగన్, ఆండ్రేలకి మూడు. పనితనానికి ఒకటి, జనానికి రెండు అని మీరు వెక్కిరించినా ఫర్వాలేదు.

సావేజ్, స్టీమ్‌బోట్ సంగతి వేరు. అది సౌండ్ తీసేసినా నిలబడుతుంది. సావేజ్‌ది చాదస్తం. మ్యాచ్ మొత్తం అంచెలంచెలుగా కాగితాల మీద రాసుకుని, ఫలానా నంబరు తర్వాత ఏంటో చెప్పు అని స్టీమ్‌బోట్‌కి ఒప్పజెప్పించేవాడు. వెనకటి కథేమిటంటే, 1986 చివర్లో సావేజ్ రింగు గంటతో స్టీమ్‌బోట్ గొంతు నలగ్గొట్టాడు. కాబట్టి ఈ మ్యాచ్‌లో సావేజ్ ఎప్పుడు గొంతు మీదికి వెళ్ళినా జనం ఉలిక్కిపడతారు. ఆఖర్న సావేజ్ మళ్ళీ ఆ గంటే అందుకుంటాడు. స్టీమ్‌బోట్ పక్షాన నిలబడ్డ జార్జ్ స్టీల్ అడ్డుపడతాడు. గంటతో పై తాడెక్కిన సావేజ్‌ని తోసేస్తాడు. లేచిన సావేజ్ స్టీమ్‌బోట్‌ని ఎత్తి కొట్టబోతే, స్టీమ్‌బోట్ ఆ ఎత్తులోనే అతన్ని చుట్టేసి మూడు లెక్క కొట్టించి గెలుస్తాడు. నెలల తరబడి దాచిన వస్తువుని సరిగ్గా ఆఖరి నిమిషంలో బయటికి తీశారు. నాలుగున్నర, మారుమాట లేదు.

మిగతా అర ఎందుకు ఇవ్వలేదంటారా? రాసుకుని ఆడినట్టు అక్కడక్కడా తెలిసిపోతుంది. అదే స్టీమ్‌బోట్ 1989లో రిక్ ఫ్లెయిర్‌తో ఆడినవి చూడండి. ఫిబ్రవరిలో షికాగో, ఏప్రిల్ 2న న్యూ ఓర్లీన్స్, మే 7న నాష్‌విల్. ఇవి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌వి కావు, ఎన్‌డబ్ల్యూఏ అనే వేరే సంస్థ టైటిల్ మ్యాచ్‌లు, మనవాళ్ళు చూసింది తక్కువ. వాళ్ళిద్దరూ రింగులోనే జనాన్ని చూసుకుంటూ అల్లుకుంటూ పోయేవాళ్ళు. న్యూ ఓర్లీన్స్‌ది మూడు ఫాల్స్‌లో (విడతల్లో) రెండు గెలవాల్సిన మ్యాచ్, యాభై నిమిషాలు దాటుతుంది. మూడో ఫాల్‌లో ఫ్లెయిర్ స్టీమ్‌బోట్ కాలు పట్టుకుని వదలడు. చివర్లో స్టీమ్‌బోట్, రెండో ఫాల్ తనకి గెలిపించిన పట్టే మళ్ళీ పట్టి ఫ్లెయిర్‌ని పైకెత్తుతాడు. కానీ మోకాలు ఆగదు, ఇద్దరూ వెనక్కి పడతారు, ఆ పడటంలోనే ఫలితం తేలిపోతుంది. అంతకుముందు తగిలిన దెబ్బ గుర్తుపెట్టుకుని కూలిన కాలది. దానికి నేను కళ్ళు మూసుకుని ఐదు ఇస్తాను.

మా ఊళ్ళో కేబుల్ వచ్చిన కొత్తలో మేం ఇదేం చూడలేదు లెండి. మేం మార్కులేసింది మ్యాచ్‌లకి కాదు, మనుషులకి. రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. బరువంటే ఫలానా కార్డు గ్యారంటీ అని ఒళ్ళో దాచుకునేవాళ్ళం. టీవీలో ఫైటొస్తుంటే మా మేనమామ వెనక నుంచి "ఉత్తుత్తివిరా అవి, అన్నం తినండి ముందు" అనేవాడు. ఉత్తుత్తివే అని తెలిశాక చాలామంది మానేశారు. నాకు మాత్రం అప్పుడే ఆసక్తి మొదలైంది. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టాక, ఓడేవాడు తన పని ఎంత బాగా చేశాడన్నదే కదా చూడాల్సింది.

దానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1997 మార్చి 23న, షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్‌లది. ఎదుటివాడు ఓటమి ఒప్పుకుంటేనే గెలుపు. బ్రెట్ హీరోగా దిగాడు, ఆస్టిన్ విలన్‌గా. బ్రెట్ పద్ధతిగా ఆస్టిన్ మోకాలి మీద పని చేస్తాడు, కాలిని రింగు స్తంభానికి మెలిపెట్టి వేలాడతాడు. ఆస్టిన్ నుదురు పగులుతుంది. ఆస్టిన్ కరెంటు వైరు బ్రెట్ మెడకి బిగిస్తే, బ్రెట్ గంటతో కొట్టి విడిపించుకుని తన షార్ప్‌షూటర్ పట్టు వేస్తాడు. అక్కడ కెమెరా ఆస్టిన్ మొహం మీదే నిలబడిపోతుంది. రక్తం నుదుటి మీంచి కళ్ళలోకి, ముక్కు పక్కనుంచి పళ్ళ సందుల్లోకి. అరుస్తాడు, చేతుల మీద లేస్తాడు, ఒకసారి పట్టు దాదాపు విడిపోతుంది, మళ్ళీ బిగుస్తుంది. ఒప్పుకోడు. స్పృహ తప్పుతాడు. రిఫరీగా ఉన్న కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేస్తాడు. పడిపోయినవాణ్ణి బ్రెట్ ఆ తర్వాత కూడా కొడుతుంటే జనం ఛీకొట్టారు. ఇరవై రెండు నిమిషాల్లో హీరో విలనయ్యాడు, విలన్ హీరో అయ్యాడు, అదీ ఓడిపోయి. ఇందులో ఆకాశంలోంచి దూకిందేమీ లేదు. ఐదు.

దూకినవాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన తరం ఎక్కువ మాట్లాడేది 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ మ్యాన్‌కైండ్‌ని రింగు చుట్టూ కట్టిన పంజరం మీంచి పదహారడుగుల కిందికి తోసేసిన మ్యాచ్ గురించే. మ్యాన్‌కైండ్ వేషంలో ఉన్న మిక్ ఫోలీ మొదటిసారి పడింది అనుకున్న ప్రకారమే. రెండోసారి పంజరం పైకప్పు ఊడి రింగులోకి పడింది మాత్రం అనుకోనిది, వెంటే కుర్చీ వచ్చి మొహానికి తగిలింది. ఆ తర్వాత మిగిలిన నిమిషాలు ఒక మనిషి లేవాలా వద్దా అని మనం చూస్తూ కూర్చోవడమే. ఆ తెగింపుకి దండం పెడతాను, మ్యాచ్‌కి మాత్రం మూడు దాటలేదు. స్నేహితులతో ఈ ఒక్క అంకె మీద జరిగినంత గొడవ ఇంకే అంకె మీదా జరగలేదు.

1999 జనవరి రాయల్ రంబుల్‌లో ద రాక్, అదే ఫోలీతో ఆడిన 'ఐ క్విట్' (ఎదుటివాడితో 'మానేస్తున్నా' అనిపిస్తేనే గెలుపు) మ్యాచ్ దగ్గర నా పద్ధతి పనిచేయడం మానేస్తుంది. చేతులు వెనక్కి విరిచి బేడీలేసిన మనిషి తల మీద కుర్చీతో పదికి పైగా దెబ్బలు. ఫోలీ భార్య, పిల్లలు ముందు వరసలో కూర్చుని ఏడుస్తున్నారు. చిన్నప్పుడు మేం ఆ దెబ్బలు లెక్కపెట్టి చప్పట్లు కొట్టినవాళ్ళమే. 2007 జూన్‌లో క్రిస్ బెన్వా అనే రెజ్లర్ భార్యనీ ఏడేళ్ళ కొడుకునీ చంపి తన ప్రాణం తీసుకున్నాక, అతని మెదడు పరీక్షించి అది ఎంతగా దెబ్బతిన్నదో డాక్టర్లు చెప్పారు. తల మీద కుర్చీ దెబ్బల్ని కంపెనీ 2010లో నిషేధించింది. ఇవన్నీ తెలిశాక అప్పటి కొలతతో మార్కులేయడం నావల్ల కాదు. నటించిన దెబ్బకి మార్కులేస్తాను. నిజంగా తగిలిన దెబ్బకి వేయను. రంబుల్ మ్యాచ్‌కి కథ పరంగా ఎంత విలువున్నా ఒకటిన్నర రాసి వదిలేశాను. బెన్వా మ్యాచ్‌లు ఇప్పటికీ చూసేవాళ్ళున్నారు, పనిని మనిషి నుంచి విడదీయాలంటారు. విడదీయగలిగితే చూడండి. నా పుస్తకంలో ఆ గడులు ఖాళీ.

కాబట్టి అప్పటి కొలతా ఇప్పటి కొలతా అంటే, వేగం, విన్యాసాల విషయంలో అప్పటిదే వాడండి, వాళ్ళ ఒంటికి జరిగిన నష్టం విషయంలో ఇప్పటిది. మొదలెట్టడానికి 1994 మార్చి 20, రెజిల్‌మేనియా 10 మొదటి మ్యాచ్ పెట్టుకోండి. బ్రెట్ హార్ట్ మీద తమ్ముడు ఓవెన్. అదే రాత్రి షాన్ మైకేల్స్, రేజర్ రమోన్‌ల నిచ్చెన మ్యాచ్ (పైన వేలాడే బెల్టుని నిచ్చెనెక్కి అందుకోవాలి) ఉంది, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి మెల్ట్‌జర్ ఇచ్చిన మొదటి ఐదు స్టార్లు దానివే. అందరూ దానికే పోతారు. మీరు మాత్రం ముందు అన్నదమ్ములది చూసి, అన్న కంటే తానే మేలని చూపించడానికి ఓవెన్ ప్రతి పట్టు తర్వాతా మొహం ఎలా పెట్టాడో గమనించి, మీ అంకె కింద కామెంట్లో రాయండి. నాది నాలుగూ ముప్పావు, తగ్గించాలంటే కారణం చెప్పాలి.