బెల్జియంలోని బ్రూజ్ వెళ్లేవారి ప్రశ్నలు

ప్రశ్న: మే నెలాఖరులో నాలుగు రోజులు బ్రస్సెల్స్‌లో ఉంటాం. బ్రూజ్‌ని ఒక్క పూటలో చూసి వచ్చేయొచ్చని ట్రావెల్స్ వాళ్లంటున్నారు. రాత్రి ఉండాల్సినంత ఉందా అక్కడ? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చూడటానికైతే పూట చాలు. చిక్కేమిటంటే అందరూ వచ్చేదీ ఆ పూటే. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా మార్క్ట్ అనే నడిబొడ్డు కూడలి, అక్కణ్నుంచి కాలవల వైపు వెళ్లే వీధులు కిటకిటలాడుతుంటాయి. ఆరు దాటితే టూరిస్టు బస్సులు వెళ్లిపోతాయి. మే నెలాఖరులో తొమ్మిదిన్నరకూ వెలుతురుంటుంది కాబట్టి, అక్కడ నిద్ర చేసేవాళ్లకు ఊరు తీరిగ్గా దొరికేది ఆ మూడున్నర గంటల్లోనే. బ్రస్సెల్స్‌లో ఒక రాత్రి తగ్గించుకుని ఇక్కడ పెట్టుకోండి.

బ్రస్సెల్స్ మిదీ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంట. బోర్డు మీద ‘బ్రూజ్’ కోసం వెతక్కండి. గమ్యం ఊస్టెండే అనో, క్నొక్కె, బ్లాంకెన్‌బెర్గె అనో ఉంటుంది, మధ్యలో మీ స్టేషన్ పేరు డచ్చి భాషలో ‘బ్రుఖె’ (Brugge) అని వస్తుంది. ఈ రైళ్లలో సీటు రిజర్వేషన్ లేదు, రోజు దగ్గరపడితే ధర పెరగడమూ లేదు. టికెట్ మాత్రం ఎక్కేముందే కొనాలి, రైల్లో కొంటే అదనంగా కట్టాలి. మిదీలో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకు వేసుకోండి.

బ్రూజ్‌లో దిగాక మార్క్ట్‌కి ఇరవై నిమిషాల నడక. దారంతా రాతి పరుపు. సూట్‌కేసు చక్రాలు చిన్నవైతే రాళ్ల సందుల్లో ఇరుక్కుని, ఇరుసు దగ్గర విరుగుతాయి. పెద్ద పెట్టెలుంటే స్టేషన్ ముందే సిటీ బస్సెక్కండి. వన్‌వే వీధుల్లో సైకిళ్లు చాలాచోట్ల ఎదురుగా కూడా వస్తాయి, వాటికి ఆ అనుమతి ఉంది. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడాల్సిందే.

ఇంకో మాట. ఒకప్పుడు ఊరికి ఓడల దారైన జ్విన్ అనే సముద్రపు పాయ 15వ శతాబ్దం చివరికల్లా పూడిపోతూ వచ్చింది. ఓడలు, వ్యాపారం ఆంట్వెర్ప్ అనే మరో రేవు పట్టణానికి తరలిపోయాయి. పాత ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టుకునేంత డబ్బు లేకపోవడమే ఊరిని కాపాడింది. అలాగని కనిపించేదంతా పాతదనుకోకండి. మార్క్ట్‌లో ఫొటోలు తెగ తీసుకునే ఆ తెల్లటి ప్రాంతీయ భవనం 19వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన కట్టడం.

ప్రశ్న: నాన్నగారికి డెబ్బై, మోకాళ్ల నొప్పులు. మార్క్ట్‌లోని గంటల గోపురం (బెల్‌ఫ్రీ) ఎక్కగలరా? హోటల్ ఎలాంటిది చూడాలి? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: గోపురం వద్దండి. ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366, లిఫ్ట్ లేదు. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఒకటే చుట్టుమెట్ల దారి. పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, పట్టుకోవడానికి తాడు. దిగేవాళ్లు ఎదురైతే ఆ ఇరుకు మెట్టు మీదే పక్కకు ఒదిగి నిలబడాలి. మోకాలికి అసలు పరీక్ష అక్కడే. మీరు ఎక్కదలచుకుంటే టైమ్ స్లాట్ టికెట్ ముందే తీసుకోండి. పైన 47 లోహపు గంటలతో మోగే వాద్యం ఉంది, కచేరీ ఉన్న రోజున నాన్నగారు కింద ప్రాంగణంలోనే ఉండి ఉచితంగా వినొచ్చు. అవర్ లేడీ చర్చిలో మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి శిల్పం చూడటానికి మెట్ల బాధ లేదు. ఆ భాగానికి టికెట్ ఉంటుంది.

పడవ షికారు అరగంట. ఎక్కే రేవులు ఐదున్నాయి, తిరిగే దారి మాత్రం అందరికీ ఒకటే. కాబట్టి మొదటి రేవులో క్యూ పొడుగ్గా ఉంటే తర్వాతిదానికి నడవండి. రేవు మెట్లు దిగి, ఊగే పడవలో కాలు పెట్టేటప్పుడు మాత్రం నాన్నగారి చెయ్యి వదలకండి. పైకప్పు ఉండదు, గొడుగు దగ్గరుంచుకోండి. చలికాలంలో పడవలు నడవవు.

హోటల్ వాళ్లని ‘లిఫ్ట్ ఉందా’ అని మాత్రమే అడిగితే ఉందనే అంటారు. రెండు మూడు పాత ఇళ్లను కలిపేసిన హోటళ్లలో అంతస్తులు సమంగా ఉండవు, లిఫ్ట్ దిగాక మళ్లీ నాలుగైదు మెట్లు తగులుతాయి. ‘లిఫ్ట్ దిగితే గది దాకా ఒక్క మెట్టయినా ఉందా, వీధి గుమ్మం దగ్గర ఎన్ని మెట్లు’ అని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. అంత తేడా ఉంటుందా అనుకోవచ్చు, ఉంటుంది. నాన్నగారికైతే స్టేషన్ దగ్గరి కొత్త హోటలే నయం. పాత ఇంటి అందం మీరు బయటి నుంచి చూడొచ్చు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మోసపోయేది బంగాళదుంప వేపుడు దగ్గర. బెల్జియంలో ఫ్రైస్‌ని సంప్రదాయంగా ఆవు కొవ్వులోనే రెండుసార్లు వేయిస్తారు. నూనె వాడే బళ్లూ ఉన్నాయి కాబట్టి కొనేముందు అడగండి. క్రొకెట్లలో, అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన ఉండల్లో, జున్నువీ (చీజ్) రొయ్యలవీ పైకి అచ్చం ఒకేలా ఉంటాయి, ‘కాస్’ అంటే జున్ను, ‘గార్నాల్’ అంటే రొయ్య. వాఫెల్‌లో గుడ్డు ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు ఆరింటి దాకా తెరవరు. మంచినీళ్లు ఉచితంగా ఇస్తారని అనుకోవద్దు, సీసాకి డబ్బులు.

వంటగది ఉన్న గది తీసుకుంటే గొడవ తీరుతుంది. అక్కడ పొయ్యి ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలుదే పట్టుకెళ్లండి. పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, పొగలాగే ఫ్యాను వేయండి. పొగ అలారాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఆవాలు చిటపటలాడేలోపే మోగుతాయి.

ప్రశ్న: ఏ తేదీలు తప్పించుకోవాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: క్రీస్తు ఆరోహణ పండుగ. ఈస్టర్ ఆదివారం నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు, ఎప్పుడూ గురువారమే వస్తుంది. ఆ రోజు ‘పవిత్ర రక్తం’ ఊరేగింపు, అంటే క్రీస్తు రక్తమని నమ్మే అవశేషాన్ని ఊరేగించడం, ఉంటుంది. ఊరేగింపు చూడాలనుకుంటే గది నెలల ముందే తీసుకోండి, లేదంటే ఆ గురువారం నుంచి ఆదివారం దాకా వదిలేయండి. మ్యూజియంలకు వారపు సెలవు అన్నిటికీ ఒకే రోజు కాదు, మీరు చూడాలనుకున్న దాని సెలవు చూసుకున్నాకే రైలు టికెట్ కొనండి.