కారణం ఎవరి నోట వచ్చింది?

తమ్ముడూ,

నీ రాతప్రతిలో కథ 1750 నాటి లండన్‌లో జరుగుతుంది. అక్కడి వైద్యుడు ఆత్మహత్యతో చనిపోయిన కుర్రాడికి 'డిప్రెషన్' అంటాడు. ఆ మాట కొట్టెయ్. అప్పటి డాక్టరైతే నరాల నీరసం అంటాడు. జార్జ్ చేన్ 1733లో రాసిన వైద్యగ్రంథం నరాల జబ్బులకు తడిగాలినీ, కొవ్వు తిండినీ, కదలకుండా కూర్చునే బతుకునీ తప్పుబట్టింది. ఇంకో నూరేళ్ళు వెనక్కి వెళితే ఒంట్లో నల్లపిత్తం ఎక్కువైందంటారు. పాదిరీని అడిగితే సైతాను.

పాత సాహిత్యం చదివేటప్పుడు ఇలాంటి చావుకు చెప్పిన కారణం ఎవరి నోట వచ్చిందో, దాంతో ఎవరికి లాభమో చూడు. షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్' అయిదో అంకంలో గోతులు తవ్వేవాళ్ళ మాటలు నాలుగుసార్లు చదువు. హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా తెలిసే ప్రాణం తీసుకుందా, తెలియక పోయిందా అని వాదించుకుంటారు. చివరికి ఒకడు తేల్చేస్తాడు, పెద్దింటి పిల్ల కాకపోతే చర్చి నేలలో చోటు దక్కేది కాదని. దీని వెనక ఉన్నది అప్పటి ఇంగ్లండు చట్టం. అసహజ మరణాలు విచారించే అధికారి కరొనర్. అతని జ్యూరీ 'తెలిసే చేసుకున్నాడు' అంటే సొత్తు రాజుకు పోతుంది, శవాన్ని కూడలిలో పాతిపెడతారు. 'మతి చలించింది' అంటే రెండూ తప్పుతాయి. పద్దెనిమిదో శతాబ్దం గడిచేకొద్దీ జ్యూరీలు ఈ రెండో తీర్పే ఎక్కువ ఇచ్చాయి. అందులో వైద్యం తక్కువ, జాలి ఎక్కువ. కూడలి సమాధి 1823లో, జప్తు 1870లో పోయాయి కాబట్టి నీ కథలో రెండు భయాలూ ఉండాలి. నీ రాతప్రతిలో ఇప్పుడు ఒక్కటీ లేదు.

గోథే నవల 'వెర్థర్' (1774)లో నాయకుడి ఆత్మహత్యను అందరూ భగ్నప్రేమ ఖాతాలో వేస్తారు. కౌంట్ ఇంటి నుంచి అతన్ని వెళ్ళిపొమ్మన్న అవమానం ఎవరికీ గుర్తుండదు. ఆగస్టు 12 ఉత్తరంలో, వెర్థర్ ప్రేమించిన పిల్లకు కాబోయే భర్త ఆల్బర్ట్ ఆత్మహత్య బలహీనత అంటాడు. విషజ్వరంతో పోయినవాణ్ణి పిరికివాడంటామా అని వెర్థర్ వాదన. గోథే ఆ తగవు తీర్చడు. శవం వెంట పాదిరీ ఎవరూ రాలేదన్న ఒక్క వాక్యంతో పుస్తకం ముగిస్తాడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 'మనస్తాపం చెంది', 'జీవితంపై విరక్తితో' అని పేపర్లు కారణాన్ని రెండు మాటల్లో చుట్టేస్తాయి. 'పాల్పడ్డాడు' అన్నది నేరాలకు వాడే క్రియ. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ వాసన ఇంకా దాన్ని వదల్లేదు. ఎస్సై పాత్ర అంటే అననీ, నీ కథకుడు అనకూడదు.

ఎలా చనిపోయాడన్న పేరా మొత్తం తీసెయ్. చివరి ఉత్తరం పాఠం కూడా వద్దు. జ్యూరీలో కూర్చున్న పొరుగువాడు ఆ తల్లి ముఖం చూడలేక ఎటు చూశాడో రాయి. అచ్చు వేసేటప్పుడు వెనక పేజీలో మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయించు.

ఉంటాను.