విస్కీ బదులు టెకీలాతో ఓల్డ్ ఫ్యాషన్డ్ కాక్‌టెయిల్ కలపొచ్చా?

కలపొచ్చు, చాలా బాగుంటుంది కూడా. న్యూయార్క్‌లోని డెత్ అండ్ కో బార్‌లో బార్‌టెండర్ ఫిల్ వార్డ్ 2007లో తయారుచేసిన ఒవహాకా ఓల్డ్ ఫ్యాషన్డ్ అలాంటిదే.

45 మి.లీ. రెపొసాడో టెకీలా, 15 మి.లీ. మెస్కాల్ (టెకీలాలాగే అగావే మొక్కతో చేసే మెక్సికన్ మద్యం), ఒక చెంచా అగావే సిరప్, రెండు విదిలింపుల అంగోస్తురా బిట్టర్స్ (మూలికలతో చేసిన గాఢమైన చేదు ద్రావణం) తీసుకోండి. రెపొసాడోనే ఎందుకంటే, అది కనీసం రెండు నెలలు ఓక్ పీపాల్లో ఊరుతుంది. విస్కీలో ఉండే చెక్క వాసన, వెనిల్లా ఛాయ దానికీ కొంత పడతాయి. పీపాల్లో ఊరబెట్టని బ్లాంకో టెకీలా వేస్తే పచ్చిదనం ముందుకొస్తుంది, ఈ డ్రింక్‌కి అది నప్పదని నా అభిప్రాయం. పొగ వాసన మెస్కాల్‌ది. దాని కోసం అగావే దుంపల్ని నేలలో గుంట తీసి కాలుస్తారు. కొలత దాటితే మాత్రం టెకీలా రుచే తెలియదు.

షేక్ చేయొద్దు. పెద్ద ఐసు ముక్క వేసి, గ్లాసు బయట చెమట పట్టేదాకా చెంచాతో మెల్లగా తిప్పండి, కాస్త నీరు కలవడం అవసరం. ఆఖర్న నారింజ తొక్కని గ్లాసు మీద వంచి నొక్కండి. సన్నటి నూనె తుంపర పైన మెరుస్తూ తేలుతుంది. అగావే సిరప్ పంచదార పాకం కన్నా తియ్యన, కాబట్టి మొదట ముప్పావు చెంచాతో రుచి చూడండి.