ఆత్మరక్షణ కోసమే కొట్టానని కోర్టులో చెప్పుకోవచ్చా?

గట్టు తగాదాలో మీ అన్నయ్య మీద కేసు పెట్టారనీ, అవతలివాళ్లే ముందు కర్రలతో మీదికి వచ్చారనీ, అయినా పెద్దమనుషులు ‘అసలు నేనక్కడ లేనని చెప్పు’ అంటున్నారనీ రాశారు. దయచేసి ఆ సలహా వినకండి. మా ఇంట్లో దాదాపు ఇదే జరిగింది.

2014లో మా బాబాయి మీద ఐపీసీ (అప్పటి శిక్షాస్మృతి) 324 కింద, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచాడని, కేసు పెట్టారు. బోరు దగ్గర నీళ్ల వంతు గురించి మొదలైన మాట కర్రల దాకా వెళ్లింది. అవతలి మనిషికి తల పగిలి కుట్లు పడ్డాయి, బాబాయికి ఎడమ ముంజేయి విరిగింది. మొదటి ప్లీడరు కూడా ఆ రోజు పెళ్లికి వెళ్లానని చెప్పమన్నారు. ఆ వేళకు వేరేచోట ఉన్నాననే మాట నిజమైతే అంతకన్నా గట్టి వాదన లేదు. కానీ దాన్ని రుజువు చేయవలసింది మనమే. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించుకున్న మనిషి పెళ్లిలో ఉన్నాడంటే ఎవరు నమ్ముతారు? పిన్ని పట్టుబట్టి ప్లీడరును మార్పించింది.

కొత్త ప్లీడరు గారు ఆత్మరక్షణ కోసమే కొట్టాడని వాదిద్దామన్నారు. ఆయన మొదట అడిగింది ఆసుపత్రి కాగితాలు. అదృష్టవశాత్తు ప్రభుత్వాసుపత్రి రిజిస్టరులో ‘కర్రతో కొట్టారు’ అని రాసి ఉంది. విచారణలో ఆయన తన ఎడమ చేతిని నుదుటికి అడ్డంగా ఎత్తి, ‘తల మీద పడే దెబ్బను ఇలా కాచుకుంటే చిటికెనవేలి వైపు ఎముక విరగవచ్చా?’ అని డాక్టరును అడిగారు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూసి, ‘విరగవచ్చు’ అన్నారు. బాబాయి చెయ్యి ఎలా విరిగిందో అవతలి సాక్షుల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. కేసు కొట్టేశారు. పిన్ని కోర్టు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

ఈ ఆత్మరక్షణ హక్కు ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్ల దాకా ఉండేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 34 నుంచి 44 దాకా ఉంది. మన ప్రాణానికే కాదు, పక్కవాడి ప్రాణానికీ, ఆస్తికీ వర్తిస్తుంది. ప్రాసిక్యూషన్‌లా (నేరం మోపే ప్రభుత్వ పక్షంలా) మనం అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు, అలా జరిగి ఉండడమే ఎక్కువ సంభావ్యమని తేలితే చాలు. దెబ్బ పడేదాకా ఆగనక్కరలేదనీ, ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం చాలనీ దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నా, అవసరానికి మించి కొట్టినా ఈ హక్కు నిలవదు. పారిపోతున్నవాడిని తరిమి కొడితే అది ఆత్మరక్షణ కాదు. మీ అన్నయ్య అలా చేసి ఉంటే ప్లీడరు దగ్గర మాత్రం దాచకండి.

మీ వైపు ఫిర్యాదు కూడా వెంటనే ఇవ్వండి. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ప్లీడరుకు ఇచ్చుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోను చేయండి, న్యాయసేవల సంస్థ వారు పలుకుతారు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

వీటన్నిటికన్నా ముందు, మీ అన్నయ్య ఒంటి మీద దెబ్బలుంటే మానకముందే ప్రభుత్వ డాక్టరుకు చూపించి రాయించండి. ఇవాళే వెళ్లండి.