పదివేల అడుగులు అటుంచి, ఏం కొలుచుకోవాలంటే

అమ్మాయీ,

కొత్త ఫిట్‌నెస్ బ్యాండ్ పెట్టుకున్నావనీ, రాత్రి పడుకోబోతూ చూస్తే 9,400 అడుగులే ఉన్నాయని గదిలో అటూ ఇటూ తిరిగి పదివేలు పూర్తి చేశావనీ రాశావు. పొద్దున్నే నిద్ర స్కోరు తక్కువ చూపించిందని బెంగ కూడా పెట్టుకున్నావు. బ్యాండ్ పెట్టుకోవడం మంచిదే. కాకపోతే అది చూపించే అంకెలన్నీ ఒక్క రకానివి కావు. కొన్నిటిని సరిగ్గానే కొలుస్తుంది, కొన్నిటిని లెక్కగట్టి అంచనా వేస్తుంది, ఒంటికి ముఖ్యమైనవి కొన్ని దానికి అందనే అందవు. ఏది ఏ రకమో తెలిస్తే నీకు ఇంత బెంగ ఉండదు.

ముందు ఆ పదివేల సంగతి. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మింది. దాని పేరు మాన్‌పో-కెయి, అంటే పదివేల అడుగుల మీటరు. అంతకు ముందు ఏడాదే టోక్యో ఒలింపిక్స్ జరిగాయి, జనానికి వ్యాయామం మీద ఆసక్తి పెరిగి ఉంది. సరుకు పేరులోని ఆ అంకే ప్రపంచమంతా పాకింది. పరిశోధన చేసి తేల్చిన అంకె కాదది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేలమందికి పైగా మహిళల అడుగులు కొలిచి చూస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గరికి వచ్చాక తేడా దాదాపు ఆగిపోయింది. నీ వయసుకు ఆ అంకెలు అచ్చంగా వర్తించవు. కానీ అసలు నడవనివాళ్లు కొంచెం నడిస్తే వచ్చే లాభమే అన్నిటికంటే పెద్దదన్నది గుర్తుపెట్టుకో.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి వారం ఏమీ మార్చకు, మామూలుగా ఎలా తిరుగుతావో అలాగే తిరుగు. ఏడు రోజుల సగటు తియ్యి. అది 5,200 అనుకో, 6,200 లక్ష్యంగా పెట్టుకో. వెయ్యి అడుగులంటే పది నిమిషాల నడక. రెండు వారాలు అది ఇబ్బంది లేకుండా సాగితే ఇంకో వెయ్యి కలుపు. రోజు లెక్క కాకుండా వారం సగటే చూడు. అప్పుడు ఒక రోజు తక్కువైనా రాత్రి పదకొండింటికి గదిలో తిరగాల్సిన పని పడదు.

అడుగుల కంటే నిమిషాలు ముఖ్యం, తల్లీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని. నడకలో ఓ మోస్తరు శ్రమంటే సుమారుగా నిమిషానికి 100 అడుగులు. నడుస్తూ ఒక నిమిషం లెక్కపెట్టుకో, వేగం అర్థమవుతుంది. అంతకంటే సులువైన కొలత నీ నోట్లోనే ఉంది. మాట్లాడగలుగుతున్నావు కానీ పాట పాడలేకపోతున్నావంటే ఓ మోస్తరు శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే గట్టి శ్రమ. రోజంతా ఇంట్లో మెల్లగా తిరిగి తెచ్చుకున్న 8,000 అడుగుల్లో ఇలాంటి నిమిషం ఒక్కటి కూడా లేకపోవచ్చు.

బ్యాండ్ చేతి ఊపును బట్టి అడుగులు లెక్కిస్తుంది. తోపుడు బండి పట్టుకుని నడిచినా, చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచినా చాలా అడుగులు జారిపోతాయి. కూర్చుని చేతులాడించే పని చేస్తే వెయ్యని అడుగులు చేరతాయి. ఒకసారి నువ్వే పైకి 200 లెక్కపెడుతూ నడువు. బ్యాండ్ 190, 210 మధ్య చూపిస్తే చాలు. మరీ తేడా ఉంటే ఏ చేతికి కట్టావో యాప్‌లో సరిగ్గా పెట్టావో లేదో చూడు.

ఇక గుండె వేగం. బ్యాండ్ అడుగున ఆకుపచ్చ లైట్లు వెలుగుతుంటాయి చూడు. రక్తం ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి, తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే సెన్సర్ లెక్కపెడుతుంది. పట్టీ వదులుగా ఉంటే బయటి వెలుతురు దూరుతుంది, బ్యాండ్ కదులుతుంది, లెక్క చెడుతుంది. మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలి వెడల్పు పైన కట్టు. వ్యాయామం చేసేటప్పుడు జారకుండా బిగించు, అయ్యాక వదులు చెయ్యి. చలికి చేతులు చల్లబడితే చర్మంలోకి రక్తం తక్కువ వస్తుంది, అంకె తప్పుతుంది. సెన్సర్ కింద ముదురు పచ్చబొట్టు ఉన్నా అంతే.

ఒక తప్పు ప్రత్యేకంగా చెప్పాలి, చాలామంది దీన్ని చూసి హడలిపోతారు. పరుగులో చెయ్యి ఒకే లయలో ఊగుతుంది. నిమిషానికి 165 అడుగులు పడుతుంటే, బ్యాండ్ గుండెను వదిలేసి ఆ ఊపునే పట్టుకుని 165 అని చూపిస్తుంది. పరుగు మొదలైన అరనిమిషానికే అంకె అక్కడికి ఎగబాకి గీత గీసినట్టు నిలిచిపోయిందంటే, నీకేమో ఆయాసం లేదంటే, అది గుండె వేగం కాదు. ఆగి, చూపుడువేలు, మధ్యవేలు కలిపి రెండో చేతి బొటనవేలి మొదట్లో నాడి మీద మెత్తగా ఆనించు. బొటనవేలితో చూడకు, దానికీ నాడి ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. ఆగగానే వేగం పడిపోతుంది కాబట్టి ఆలస్యం చెయ్యకు. బరువులెత్తేటప్పుడు పిడికిలి బిగుసుకుని మణికట్టు దగ్గరి కండరాలు కదులుతాయి, అప్పుడు కూడా బ్యాండ్‌ను నమ్మకు. కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ వాడాలి, అది గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది.

యాప్ చూపించే జోన్లు, అంటే గుండె వేగాన్ని బట్టి శ్రమను రంగుల్లో విడదీసే మెట్లు, చాలాసార్లు 220లోంచి వయసు తీసేస్తే వచ్చే గరిష్ఠ గుండె వేగాన్ని బట్టి కట్టినవి. 60 ఏళ్లకు అది 160. 2001లో వచ్చిన ఇంకో సూత్రం, 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసెయ్యడం, 166 చెబుతుంది. ఒకే వయసువాళ్లలో మనిషికీ మనిషికీ పదేసి తేడా మామూలే. అందుకే జోన్ రంగుకూ నీ ఊపిరికీ పేచీ వస్తే ఊపిరి మాటే విను.

బ్యాండ్ ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైన అంకె విశ్రాంతి గుండె వేగం. కదలిక లేనప్పుడు, ఎక్కువగా నిద్రలో తీసుకుంటుంది కాబట్టి పొరపాట్లు తక్కువ. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు, బాగా వ్యాయామం చేసేవాళ్లకు 60 కంటే తక్కువ కూడా ఉంటుంది. వేరేవాళ్ల అంకెతో పోల్చకు. మూడు వారాలు చూసి నీ మామూలు ఎంతో తెలుసుకో. అది 64 అనుకో. వరుసగా రెండు మూడు రోజులు 71, 72 కనిపిస్తే ఏదో జరుగుతోంది. జ్వరం రాబోతుండవచ్చు, నిద్ర చాలకపోవచ్చు, నీళ్లు తక్కువ తాగి ఉండవచ్చు, వ్యాయామం మితిమీరి ఉండవచ్చు. ఆ రోజు గట్టి వ్యాయామం మానేసి మామూలు నడక నడువు. నెలల తరబడి నడిస్తే ఈ అంకె మెల్లగా దిగుతుంది. విశ్రాంతిలో ఎప్పుడూ 100 దాటుతున్నా, బాగా తగ్గి కళ్లు తిరుగుతున్నా డాక్టరుకు చూపించుకో.

క్యాలరీల అంకెను పట్టించుకోకు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఆరింటి గుండె వేగం ఐదు శాతం తేడాలోపే ఉంది. ఖర్చయిన శక్తి విషయంలో మాత్రం అన్నిటికంటే నయమైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. ఇవాళ 400 కరిగాయి కాబట్టి ఇంకో 400 తినొచ్చు అనుకున్నవాళ్ల బరువు అందుకే తగ్గదు. 2016లో వచ్చిన రెండేళ్ల అధ్యయనంలో పరికరం పెట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, పెట్టుకోనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు.

నిద్ర విషయంలో ఎప్పుడు పడుకున్నావు, ఎప్పుడు లేచావు అన్నంతవరకే తీసుకో. గాఢ నిద్ర, కలల నిద్ర అని విడదీసి చూపించేది అంచనా. వాటిని నిజంగా తేల్చాలంటే తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు చూడాలి. కదలకుండా మేలుకుని పడుకున్నా బ్యాండ్ దాన్ని నిద్రలో కలిపేస్తుంది. స్కోరు కోసం ఆరాటపడి నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఎక్కువవడంతో 2017లో పరిశోధకులు దానికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. పొద్దున లేవగానే యాప్ తెరవకు. ఒళ్లు తేలిగ్గా ఉందా, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు వస్తోందా అని ముందు నిన్ను నువ్వు అడుగు. రోజూ ఒకే వేళకు లేస్తున్నావో లేదో మాత్రం బ్యాండ్‌లో చూసుకో.

వాచీలో తీసే ఈసీజీ గుండెపోటును పట్టలేదు. అందులో అంతా బాగుందని వచ్చినా ఛాతీలో నొప్పి, బరువు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీల జోలికి పోకు, వాటిని నమ్మొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

బ్యాండ్‌కు అందనివి మూడు చెబుతాను, నెలకోసారి చూసుకో. చేతుల్లేని కుర్చీ, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుది, గోడకు ఆనించు. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకో. 30 సెకన్లలో పూర్తిగా ఎన్నిసార్లు లేచి నిలబడి కూర్చోగలవో లెక్కపెట్టు. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు 12 కంటే, మగవాళ్లకు 14 కంటే తగ్గితే సగటుకు తక్కువ. నీకు అంతకంటే చాలా ఎక్కువ రావాలి. అమ్మకు కూడా చేయించు, నువ్వు పక్కనే నిలబడు. రెండోది, గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం. మూడోది నడుము కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపు పెట్టు. నీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. ఎత్తు 160 సెంటీమీటర్లయితే నడుము 80 దాటకూడదు.

స్నానానికి వెళ్లేటప్పుడు బ్యాండ్ ఛార్జింగ్‌కు పెట్టు, చర్మానికీ గాలి తగులుతుంది. పట్టీని రెండు మూడు రోజులకోసారి కడిగి పూర్తిగా ఆరాకే కట్టుకో, తడి మిగిలితే దద్దుర్లు వస్తాయి. అడుగుల నోటిఫికేషన్లు రాత్రి తొమ్మిది తర్వాత రాకుండా ఆపెయ్యి. ఈ ఆదివారం కుర్చీ లెక్క తీసి, నీదీ అమ్మదీ రెండూ నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ