బత్తాయి తోటలో చివరి చెట్లకు డ్రిప్ నీళ్లు రావడం లేదు, పైపులు మార్చాలా?

నల్లగొండ జిల్లా హాలియా పక్కన 4 ఎకరాల బత్తాయి, డ్రిప్ వేసి మూడేళ్లు, చివరి చెట్లు వాడుతున్నాయి, మొత్తం పైపులు మార్చమంటున్నారు అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. ముందు లీటరు సీసా ఒకటి పట్టుకొని లైను వెంట నడవండి.

గంటకు 4 లీటర్ల డ్రిప్పరైతే 15 నిమిషాల్లో సీసా నిండాలి. ప్రతి లైనులోనూ చివరికి పోయే కొద్దీ తగ్గుతుంటే అది ప్రెషర్ లోపం: ఫిల్టర్ మురికి, లీకేజీ, లేదా ఒకేసారి ఎక్కువ వాల్వులు తెరవడం. మధ్యలో కూడా అక్కడొకటి ఇక్కడొకటి తక్కువ పోస్తుంటే డ్రిప్పర్లు మూసుకుంటున్నాయి.

అప్పుడు ఒక డ్రిప్పర్ దగ్గర లాటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) కోసి చూడండి. తెల్లటి గరుకు పొర ఉంటే ఒక చుక్క యాసిడ్ వేయండి, బుసబుస పొంగితే సున్నం. ఎర్ర మడ్డి అయితే ఇనుము. వేలికి జారే జిగురైతే నాచు, బ్యాక్టీరియా. నల్లగొండ బోరు అనగానే ఫ్లోరైడే గుర్తొస్తుంది గాని, డ్రిప్పర్‌ను మూసేది అది కాదు. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్లు ఎండకు వేడెక్కిన పైపులో సున్నంగా పేరుకుంటాయి.

సున్నానికి 35 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడాలి. ఎకరానికి ఇంత అని షాపులో చెప్పే లెక్క పనికిరాదు, ఒక్కో బోరుది ఒక్కో తీరు. మీ బోరు నీళ్లు 10 లీటర్లు ప్లాస్టిక్ బకెట్లో పట్టి, సిరంజితో ఒక్కో మిల్లీలీటరు యాసిడ్ కలుపుతూ పీహెచ్ పేపర్ ముంచండి. 4కు దిగడానికి 8 మి.లీ. పట్టిందనుకుందాం. 20 అడుగుల దూరంతో ఎకరానికి సుమారు 110 చెట్లు, చెట్టుకు 4 డ్రిప్పర్లు, అంటే గంటకు 1,760 లీటర్లు. 15 నిమిషాలకు 440 లీటర్లు, వాటికి యాసిడ్ సుమారు 350 మి.లీ. దాన్ని 10 లీటర్ల నీళ్లలో కలిపి వెంచురీతో (పారే నీళ్ల ఊపుతో మందును పైపులోకి లాగే పరికరం) 15 నిమిషాల్లో లాగించాలి. చివరి డ్రిప్పర్ దగ్గర పేపర్ 4 చూపించిందా లేదా అన్నదే అసలు పరీక్ష. చూపించాక మోటారు ఆపి 24 గంటలు వదిలేయండి. తర్వాత ముందు సబ్‌మెయిన్ (లాటరల్స్‌కు నీళ్లు పంచే పైపు) ఫ్లష్ వాల్వ్, ఆపైన లాటరల్ ఎండ్ క్యాపులు నాలుగైదు చొప్పున తీసి, తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి.

చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నీళ్లలోనే యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. ఇనుప సాండ్ ఫిల్టర్ దాటాకే ఎక్కించండి. నాచుకు వాడే బ్లీచింగ్ పౌడర్‌ను యాసిడ్ ఇచ్చిన రోజు ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. పూర్తిగా మూసుకున్న డ్రిప్పర్‌లోకి యాసిడ్ ఎలాగూ దూరదు. ఆ ముక్క కోసేసి జాయినర్‌తో కొత్తది అతకండి.

ఇదంతా చేసి మళ్లీ డీఏపీ నానబెట్టి వదిలితే మొదటికే వస్తుంది. అందులోని భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. కాల్షియం నైట్రేట్‌ను 12:61:0 (భాస్వరం ఎరువు)తో గాని, 0:0:50 (పొటాషియం సల్ఫేట్)తో గాని ఒకే ట్యాంకులో కలిపినా అంతే. అనుమానముంటే ఎరువును బోరు నీళ్లలో అదే మోతాదున గాజు సీసాలో కలిపి రెండు గంటలు ఉంచండి. పాలు విరిగినట్టు కనిపిస్తే డ్రిప్‌లో వద్దు. ఎరువు అయిపోయాక 20 నిమిషాలు ఉత్త నీళ్లు పారాలి. సాండ్ ఫిల్టర్‌కు అటూ ఇటూ ప్రెషర్ గేజీల తేడా అర కిలో దాటితే బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తిప్పి కడగడం) చేయాలి, స్క్రీన్ ఫిల్టర్ రోజూ కడగాలి, ఎండ్ క్యాపులు పదిహేను రోజులకోసారి తీసి నీళ్లు వదలాలి.

లైన్లు సర్దేటప్పుడు డ్రిప్పర్లు మొదలుకు ఆని ఉన్నాయేమో కూడా చూడండి. కాండం తడిస్తే బంక తెగులు వస్తుంది, మూడు నాలుగు అడుగులు బయటికి జరపండి.